గుర్తు లేని బనీను

సూర్యాపేటలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఆ జట్టులో ముందు వరుసలో నిలబడి గోల్స్ కొట్టింది నేను. తర్వాత కోదాడకు ఆడాను, ఆ తర్వాత మిర్యాలగూడ మిల్లు జట్టుకు ఆడాను. మూడు ఊళ్ళలోనూ నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పినవాళ్ళున్నారు. నాకోసం ఒక్క మాట చెప్పండని అడిగిన రోజున నోరు మెదపనివాళ్ళు కూడా వాళ్ళే. ఎత్తుకుని తిప్పిన సంగతి వాళ్ళు మర్చిపోయి ఉంటారు. నోరు మెదపని సంగతి నేను మర్చిపోలేదు. ఎప్పటి ముచ్చటో, ఇంకా ఎందుకని మావాళ్ళే అంటుంటారు. ఎన్నేళ్ళయితే ఏం? ఆ మాట వాళ్ళు ఇప్పటికీ చెప్పలేదు.

నేను కోరుకున్నది పెద్దదేం కాదు. ఆట ఆడి, ఆ ఆటతోనే బతకాలని. మగపిల్లలు అట్లా బతుకుతున్నారు. హైదరాబాదులో ఆఫీసుల జట్లకు ఆడి, అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నారని మా బడి డ్రిల్లు సారు చెప్పేవారు. ఆడవాళ్ళకు కూడా ఎప్పటికైనా ఆ రోజు వస్తుందని ఆయన అన్నప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఆ మాట పట్టుకునే నా వయసంతా గడిపాను.

మేం చాకలివాళ్ళం. చెరువు కింద రేవులో మా అమ్మకు ఒక బండ ఉండేది. ఏ ఇంటి బట్టలు ఏవో కలిసిపోకుండా అమ్మ నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేది. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి అడ్డగీత, ఇంకో ఇంటికి కాకికాలు. అంచు లోపలి వైపు పెట్టిన ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. మా ఇంటి బట్టలకు మాత్రం ఏ గుర్తూ ఉండేది కాదు. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. అమ్మ తల కూడా ఎత్తలేదు.

"గుర్తున్నయన్ని ఊరోళ్ళయి. గుర్తు లేంది మనది. మన దానికి జీడి ఎందుకే కరాబు?"

మా ఇళ్ళలో దుప్పట్లు, జంపఖానాలు చేతులతో ఉతకరు. సిమెంటు గాబులో నానేసి కాళ్ళతో తొక్కాలి. నాకు నడక వచ్చినప్పటి నుంచి తొక్కాను. బడిలో డ్రిల్లు సారు మగపిల్లల బడి నుంచి కుట్లు ఊడిన బంతి ఒకటి తెచ్చి మా మధ్య పడేసినప్పుడు నేను తన్నిన తన్నుకు అది గోడ దాటి కల్లు దుకాణం పెరట్లో పడింది. సారు వెళ్ళి తెచ్చుకున్నారు. వచ్చి, నన్ను అందరికంటే ముందు నిలబెట్టి, "నువ్వు ఫార్వర్డ్" అన్నారు.

అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ అనలేదు, 'సాకలిదాని బిడ్డ' అని తప్ప. ఆ ఇంగ్లీషు ముక్క నాకు దొరికిన మొదటి పేరు. ఇంటికి పోయేదాకా దాన్ని నోట్లో చప్పరించుకుంటూ పోయాను. అంత ఇష్టంగా మోసిన మాటే నన్ను ముంచుతుందని ఎవరైనా అనుకుంటారా?

బడి అయిపోయాక ఊళ్ళో యువజన సంఘంవాళ్ళు మా జట్టును తీసుకున్నారు. పక్క ఊళ్ళలో లేనిది తమ దగ్గర ఉండాలని ఆ సంఘం సెక్రటరీకి పట్టుదల. ఆయనకు బట్టల దుకాణం ఉండేది. వాళ్ళ ఇంటి గుర్తు రెండు చుక్కలు. ఆయన ధోవతులు, వాళ్ళావిడ చీరలు, పిల్లల లాగులు నేను తొక్కినవే. మొదటి మ్యాచ్‌లో గెలిపించే గోల్ నేను కొట్టాను. సెక్రటరీ సారు గ్రౌండులోకి పరుగెత్తుకొచ్చి అందరి చేతులూ ఊపారు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జేబులో పెట్టుకుని, బాగా ఆడినవు పిల్లా, అని వెళ్ళిపోయారు.

ఆట అయ్యాక జెర్సీలు విప్పి ఒక్కొక్కరే నా ముందు పడేశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కుప్ప తనంతట తానే నా కాళ్ళ దగ్గర పెరిగింది. మా కెప్టెన్, వ్యవసాయం పెద్దగా ఉన్న ఇంటి అమ్మాయి, తనది అన్నిటికంటే పైన వేసి, నువ్వెట్లాగూ రేవుకు పోతవు గదా, అంది. నేను కొట్టిన గోల్‌కు ఎగిరి నా మెడ పట్టుకున్నది ఆ అమ్మాయే. మధ్యలో పావుగంట కూడా గడవలేదు.

పొద్దుగూకే వేళ గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకునే పద్ధతి అప్పటికింకా ఉంది. ఆ సాయంత్రం అమ్మకు ఒళ్ళు వెచ్చగా ఉంటే నేను వెళ్ళాను. కెప్టెన్ వాళ్ళమ్మ గడప లోపలి నుంచే అన్నం వేసింది.

"ఇయ్యాల గోలు కొట్టింది నువ్వేనటగదనే? మా బిడ్డ చెప్పింది. ఆగు, దాని బూట్లకు మట్టయింది, అయి గూడ తీస్కపో."

తీసుకుపోయాను, కడిగి తెచ్చాను. ఆ బూట్ల వాసన ఇప్పటికీ చెప్పగలను. అమ్మ జట్టు బట్టలకు కొత్త గుర్తు పెట్టింది, బంతిలా గుండ్రంగా. నా జెర్సీకి మాత్రం పెట్టకుండా వదిలేసింది. అది మాదే కదా మరి.

రెండు మూడేళ్ళు అట్లా ఆడాను. ఊరంతా వచ్చి చూసేది, ఆటకో, నిక్కర్లకో నాకు తెలియదు. నేను చూసింది బంతినే. ఒకసారి కోదాడ నుంచి ఆట చూడటానికి ఒక మేనేజరు వచ్చాడు. హైవే మీద హోటల్ నడుపుతాడు, అక్కడ కొత్తగా జట్టు పెడుతున్నాడు. మా జట్టుకు వస్తే తిండి, ఉండటానికి గది, పైన నెల నెలా ఎంతో కొంత ఇస్తానన్నాడు. ఆట ఆడితే ఇస్తారా అని అమ్మ రెండుసార్లు అడిగింది. మూట కట్టుకుని బస్సెక్కాను. సెక్రటరీ సారుకు చెప్పి వెళ్ళలేదని ఆయన పగబట్టాడు. నా చేతిలో కుప్ప పెట్టేటప్పుడు ఆయన నాకు చెప్పాడా?

కోదాడలో మాట మారుతుంది. ఆంధ్ర పక్కనే కదా. జట్టులో అమ్మాయిలు నా మాటకు నవ్వేవాళ్ళు. 'గీడ', 'గాడ' అంటే పడీ పడీ నవ్వి, మళ్ళీ అనమనేవాళ్ళు. నవ్వినవాళ్ళ మొహాలు నాకు వరుసగా గుర్తున్నాయి. అయినా కోదాడ మీద నాకు ఒక సంగతిలో కోపం రాలేదు. అక్కడ నన్ను ఎవరూ కులం అడగలేదు. హైవే ఊరు, వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. ఆట అయ్యాక జెర్సీలు విప్పి బుట్టలో వేస్తే, ఒక ముసలావిడ వచ్చి తీసుకుపోయేది. మొదటి రోజు నేను బుట్టలో వేయలేకపోయాను. జెర్సీ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆవిడ వచ్చి లాక్కుని, ఏం తల్లీ, నేను సరిగా ఉతకననా, అంది. నేను ఏం చెప్పాలి? నేనెవరో కోదాడలో ఎవరికీ చెప్పలేదు.

అది కూడా నిలవలేదు. రెండో ఏడు మేనేజరు తన చుట్టాలమ్మాయిని విజయవాడ వైపు నుంచి తెచ్చి నా చోట నిలబెట్టాడు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ అమ్మాయి ఎడమకాలితో తన్నడం కూడా రాదు. సీజనంతా ఆ బల్ల మీద కూర్చుని, ఆమె తప్పిన గోల్స్ చూశాను. ఎవరైనా నన్ను దింపమని అరిస్తే మేనేజరు వినిపించనట్టు వాచీ చూసుకునేవాడు.

అక్కడి నుంచి మిర్యాలగూడ. మిల్లుల ఊరు. ఒక సేటు తన మిల్లు పేరు మీద ఆడవాళ్ళ జట్టు పెట్టాడు. అందులో ఆడాలంటే మిల్లులో పని కూడా చేయాలి. నాకు ఉప్పుడు బియ్యం కల్లంలో పని. ఉడికిన వడ్లు సిమెంటు కల్లం మీద ఆరబోస్తారు. ఆడవాళ్ళం వరుసగా నిలబడి, కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి, వడ్లను తిరగేయాలి. కింద గచ్చు కాలుతుంటుంది, పైన ఎండ. మా ఊళ్ళో గాబు, ఇక్కడ కల్లం. నా కాళ్ళకు బంతి దొరికేది వడ్లు ఎత్తిన తర్వాతే. ఆ కల్లం మీదే ప్రాక్టీసు. పడితే మోకాలి చిప్ప లేచిపోయేది.

సేటుకు నా కులం తెలుసు. పనిలో పెట్టుకునేటప్పుడు మీరెవరని అడిగాడు, చెప్పాను. జట్టులోవాళ్ళకు తెలియదు. ఎవరి జెర్సీ వాళ్ళే ఉతుక్కునేవాళ్ళు.

డ్రిల్లు సారు అన్న రోజు అప్పుడు వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద సర్కారు ఆఫీసు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు పెడుతోందని, జిల్లాకు ఒకరిని తీసుకుని ఉద్యోగం ఇస్తారని తెలిసింది. మా జిల్లాకు వచ్చిన ఉద్యోగం బీసీలకు కేటాయించారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, తర్వాత తెలిసింది. పెద్దవాళ్ళకు ముందే తెలుసు. ఎంపిక చేయడానికి ఒక ఆఫీసరు వచ్చి సూర్యాపేట బంగ్లాలో దిగాడు. సూర్యాపేటలో మొదలై మిర్యాలగూడ ఫైనల్‌తో అయిపోయే పోటీలన్నీ చూసి, పేర్లు రాసుకుని వెళ్తాడు.

మొదటి మ్యాచ్ సూర్యాపేటలో, మా మిల్లు జట్టుకూ మా పాత జట్టుకూ. రెండు గోల్స్ కొట్టాను. చెమట తుడుచుకుంటూ గట్టు దగ్గరికి వస్తుంటే ఆఫీసరు కుర్చీలోంచి పిలిచాడు. పక్కన సెక్రటరీ సారు సోడా సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు నా పేరు, చదువు అడిగాడు. తర్వాత అడిగాడు:

"నువ్వు ఫార్వర్డా, బ్యాక్‌వర్డా?"

ఎదురుగా గ్రౌండు ఉంది. నా కాళ్ళకు బూట్లున్నాయి. రెండు గోల్స్ కొట్టి అప్పుడే బయటికి వచ్చాను. వెనక ఆడేవాళ్ళను మేం 'బ్యాక్' అంటాం. హైదరాబాదువాళ్ళు 'బ్యాక్‌వర్డ్' అంటారేమో అనుకున్నాను. నాకు నవ్వు కూడా వచ్చింది, గోల్స్ చూసి కూడా అడుగుతున్నాడే అని.

"ఫార్వర్డ్ సార్," అన్నాను.

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. సెక్రటరీ సారు నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. మా అమ్మ ఉతికి గంజి పెట్టిన చొక్కా ఆయన ఒంటి మీద ఉంది. కాలరు లోపల రెండు చుక్కలు ఉన్నాయి. ఆయన సోడా సీసా ఆఫీసరుకు అందించి, ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

సంగతి నాకు మర్నాడు తెలిసింది. పాత జట్టులో గోల్‌కీపర్‌గా ఆడిన అమ్మాయి మా ఇంటికి వచ్చి, నిన్ను ఓసీ కింద రాసుకున్నరటగదా, మీరెప్పటి నుంచి ఓసీలయిన్రు, అని నవ్వింది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గాబు అంచు మీద కూర్చుండిపోయాను. అమ్మ ఏమైందని అడిగింది. ఫార్వర్డ్ అంటే ఏందో చెప్పడానికి చాలా సేపు పట్టింది. అంతా విని, నీ ఆటకు పెట్టిన పేరు, ఆళ్ళ కులానికి పెట్టుకున్న పేరు ఒక్కటేనా, అంది.

రిజర్వేషన్ల గొడవలు నడిచిన రోజులు. టీ బండి దగ్గర అందరి నోళ్ళలోనూ ఆ రెండు మాటలే నానాయి. మిల్లులో కల్లం తిప్పుకునేదానికి అవన్నీ ఎవరు చెప్పాలి?

కులం సర్టిఫికెట్ తీసుకుని బంగ్లాకు పరుగెత్తాను. ఆఫీసరును కలవనియ్యలేదు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా వరండాలో కూర్చున్నాడు. సర్టిఫికెట్ చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"గిసుంటి కాయితాలు అందరు తెస్తున్నరమ్మా, ఏది అసలుదో ఏది నకిలీదో ఎవరికెరుక? నీ నోటితోని నువ్వే చెప్పినవ్. అది మారాలంటే నీ క్లబ్బు పెద్దమనిషి వచ్చి సారు ముందల చెప్పాలె. ఫైనల్ అయినంక లిస్టు పోతది. అటెనుక దేవుడొచ్చినా ఏం జెయ్యలేడు."

ఒక్క మాట. ఈ పిల్ల చాకలివాళ్ళ పిల్ల, ఫార్వర్డ్ అన్నది ఆట గురించి. అంతే. అది చెప్పగలిగిన డ్రిల్లు సారు అప్పటికే బదిలీ మీద ఆదిలాబాద్ వైపు పోయారు, ఏ బడిలో ఉన్నారో కూడా ఎవరికీ తెలియదు. మిగిలింది మూడు ఊళ్ళ పెద్దమనుషులు.

ముందు సెక్రటరీ సారు దుకాణానికి వెళ్ళాను. గిరాకీ ఉంది, నిలబడ్డాను. గిరాకీ పోయింది, అప్పుడు కూడా నిలబెట్టాడు. చీరలు మడత పెట్టుకుంటూ విన్నాడు.

"ఆయన నిన్నడిగిండు, నువ్వు చెప్పినవ్. నడుమ నేనెందుకు మాట్లాడాలె?"

"మీకు ఎరికే గద సారూ. మా అమ్మ మీ ఇంటికి..."

"కోదాడకు ఉరికిననాడు నన్నడిగినవా? ఇప్పుడు నువ్వు మిర్యాలగూడ మిల్లోళ్ళ పిల్లవు. పోయి ఆళ్ళనడుగు."

నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, సిగ్గు ఆయనకు ఉండాలి. కాళ్ళు వెనక్కి తీసుకుని, లే, గిరాకీ వస్తది, అన్నాడు. బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. ప్రాణం లేచి వచ్చింది. తిరిగి చూస్తే, ఎల్లుండి పెళ్ళికి పోవాలె, నా తెల్ల ధోవతులు రేపటికల్లా పంపమని మీ అమ్మకు చెప్పు, అన్నాడు.

కోదాడ బస్సెక్కాను. హోటల్‌లో మేనేజరు గల్లా దగ్గర ఉన్నాడు. నన్ను చూసి ఇడ్లీ పెట్టించాడు. తినకుండానే చెప్పాను. పూర్తిగా విన్నాడు. అది చూసి ఆశ పెట్టుకున్నాను.

"చూడమ్మాయ్, మా దగ్గర ఆడినన్నాళ్ళు నీ కులమేంటో ఎవరైనా అడిగారా?"

"లేదండీ."

"అడగలేదు కదా. మాకు అలాంటి పట్టింపులు లేవు. మరి మేం అడగనిది, నువ్వు చెప్పనిది, ఇప్పుడొచ్చి ఆఫీసరు ముందు ఎలా సాక్ష్యం చెప్పమంటావ్?"

కోదాడలో నాకు దొరికిన ఒక్క సుఖం అదే, నేనెవరో ఎవరికీ తెలియకపోవడం. దాన్నే తీసి నా మీద వేశాడు. జెర్సీలు ఉతికిన ముసలావిడ నన్ను పోల్చుకుని ఉంటుందేమోనని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ చనిపోయి ఏడాది అయిందట.

కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో నిలబడే వెళ్ళాను. సేటు మిల్లులో ఉన్నాడు. విషయం చెప్పగానే ఆయన కోప్పడ్డాడు, ముందే ఎందుకు చెప్పలేదని. నాకు ఏడుపు వచ్చింది. ఒక మనిషి నాకోసం కోప్పడి చాలా రోజులయింది.

"గింతదానికి పరేషాన్ ఎందుకు బిడ్డా? ఫైనల్‌కు ఆఫీసరే మన గెస్టు. స్టేజి మీద నా పక్క కుర్చీనే. నేను చెప్త. నువ్వయితే కప్పు గెలిపియ్యి."

ముందే చెప్పండి సేటూ, ఫైనల్‌కు ముందే బంగ్లాకు పోదాం, అన్నాను. మిల్లుకు లోడు వస్తోందన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాను. బ్యాంకుకు పోవాలన్నాడు. ఫైనల్ నాటి పొద్దున కూడా ఇంటి ముందు నిలబడ్డాను. స్నానం చేస్తున్నాడని చెప్పించాడు. నాకు ముందే ఉద్యోగం ఖాయమైతే ఒళ్ళు దాచుకుని ఆడతానని ఎవరో ఆయనకు ఎక్కించారని తర్వాత తెలిసింది. నేను ఏనాడైనా అట్లా ఆడానా?

ఫైనల్ మిల్లుల వెనక మైదానంలో. గాలికి ఊక బూడిద వచ్చి కళ్ళల్లో పడుతోంది. ఎదుటి జట్టు కోదాడ. నా మీద ఇద్దరిని పెట్టారు. ఒకరు జెర్సీ పట్టుకుంటే ఒకరు కాలు తొక్కారు. రెఫరీ చూడలేదు, చూసినా ఊదలేదు. నాకు ఆట కనబడటం లేదు. బంతి దూరంగా ఉన్నప్పుడల్లా స్టేజి వైపు చూశాను. సేటు ఆఫీసరు వైపు వంగాడా, ఏమైనా చెబుతున్నాడా? ఆఫీసరు కొబ్బరిబోండాం తాగుతున్నాడు. సేటు మా వైపు చేతులు ఊపి అరుస్తున్నాడు.

ఆట చివరలో బంతి ఎక్కడి నుంచో వచ్చి నా ముందు పడింది. ఎట్లా కొట్టానో నాకు తెలియదు. గాబులో దుప్పటి తొక్కినట్టు తొక్కి కొట్టాను. కీపరు చేతుల మీదుగా లోపలికి పోయింది. అందరూ నా మీద పడ్డారు. కింద మట్టిలో నేను, పైన మా జట్టు. నాకు సంతోషం కలగలేదు. ఇప్పుడైనా చెబుతాడు అనుకున్నాను.

కప్పు ఇచ్చేటప్పుడు అందరినీ స్టేజి మీదికి పిలిచారు. సేటు ఒక చేత్తో కప్పు పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను ముందుకు లాగాడు. మైకు అక్కడే ఉంది, ప్రతి మాటా మైదానమంతా వినబడుతోంది.

"సార్, గీ పిల్లనే సార్. గీమెనే మా ఫార్వర్డ్. గిసుంటి ఫార్వర్డ్ జిల్లాల ఇంకొకలు లేరు."

ఆఫీసరు నవ్వాడు. "తెలుసండీ, ఆ రోజే రాసుకున్నాం కదా."

సేటు నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. చెప్పాల్సిన మాట ఏదో కప్పు చేతికి రాగానే మర్చిపోయాడు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను, తిరగలేదు. నేనే అన్నాను.

"గాదు సార్. నేను బ్యాక్‌వర్డ్."

మైకులోంచి నా మాట నాకే పెద్దగా వినబడింది. మైదానం గొల్లుమంది. కింద నుంచి ఎవరో, గోలు కొట్టింది బ్యాక్ అయితే ఫార్వర్డ్ ఎవలు పిల్లా, మీ సేటా, అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వుతున్నాడు. ఇంక ఆగలేదు.

"ఆటల గాదు సార్. మేం సాకలోళ్ళం. మా అమ్మ బట్టలుతుకుతది. సేటునడుగుండ్రి."

నవ్వులు ఆగాయి. ఆఫీసరు సేటు వైపు తిరిగాడు. సేటు నోరు తెరిచాడు. అప్పుడే ఫొటోలాయన, ఎవరూ కదలొద్దు, అన్నాడు. సేటు నోరు మూసుకుని కప్పు ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో తీశాక నా తల మీద చెయ్యి వేసి, "పిల్ల సంబురంల ఉన్నది సార్. గయ్యన్ని తర్వాత మాట్లాడుదం," అన్నాడు.

తర్వాత అనేది రాలేదు. ఆఫీసరుకు దండ వేశారు, శాలువా కప్పారు, జీపు ఎక్కించారు. నేను స్టేజి దూకి జీపు వెనక పరుగెత్తాను. బూట్లతోనే, మిల్లుల మధ్య తారు రోడ్డు మీద, లారీలను తప్పించుకుంటూ. ఆ ఫైనల్‌లో కూడా నేను అంత పరుగు పెట్టలేదు. జీపులో వెనక కూర్చున్న గుమాస్తా నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు, టాటా చెప్పినట్టు. రైలు గేటు దాటాక నాకు ఊపిరి అందలేదు.

సేటు ట్రంకాల్ చేస్తానన్నాడు. చేశాడో లేదో ఆయనకే తెలియాలి. మా జిల్లాలో బీసీ ఆటగత్తె ఎవరూ లేరని ఆ ఉద్యోగం వేరే జిల్లాకు ఇచ్చేశారని కొన్నాళ్ళకు తెలిసింది. ఆ మాట నాకు సేటు చెప్పలేదు. కల్లం తిప్పే ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

కానీ అంతకంటే ముందు, ఫైనల్ మర్నాడు పొద్దున జరిగింది చెప్పాలి. పనికి వెళ్ళేసరికి కల్లం గట్టు మీద ఒక గోనెసంచి ఉంది. అందులో జట్టు జెర్సీలన్నీ కుక్కి ఉన్నాయి. మిల్లు మేస్త్రి వచ్చి, సంచి కాలితో నా వైపు జరిపాడు.

"నిన్న మైకుల చెప్పినవ్ గద. ఇన్నొద్దులు మాకెవ్వలకు తెల్వకపాయె. ఇగ జట్టుల నువ్వుండంగ ఎవలియి ఆళ్ళెందుకు ఉతుక్కోవాలె?"

జట్టువాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. వడ్ల వైపు చూశారు. నేను చాకలిదాన్నని స్టేజి మీద చెబితే ఆఫీసరు రాసుకోలేదు. అంతమంది విన్నారు, ఎవరికీ పట్టలేదు. తెల్లారేసరికి గోనెసంచికి పట్టింది.

ఆ సంచి అక్కడే పారేయాల్సింది. పారేయలేదు. భుజాన వేసుకుని సూర్యాపేట బస్సెక్కాను, మళ్ళీ మిల్లుకు పోలేదు. అమ్మ సంచి విప్పి చూసింది. రేవుకు తీసుకుపోయి నానేసి, ఉతికి, ఆరేసింది. సాయంత్రం జీడి గింజ సూదితో గుచ్చుకుంటూ, మిల్లోళ్ళకు ఏం గుర్తు పెడదమే, అంది. ఏదో ఒకటి పెట్టమన్నాను. వడ్ల గింజ వేసింది, ప్రతి జెర్సీకీ, కాలరు లోపల. భుజం దగ్గర కోదాడవాళ్ళు లాగి చింపిన నా జెర్సీ వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టి, తర్వాతది తీసుకుంది.

మడతలు పెట్టి మిల్లు లారీలో పంపించాం. వారం తిరక్కముందే మేస్త్రి వచ్చాడు. గడప బయట నిలబడి, ఒక బనీను తక్కువుందని సేటు అంటున్నడని చెప్పాడు. అది తీగ మీదే ఉంది, అందరికీ కనబడేటట్టు. నేను లోపలి నుంచి చూస్తున్నాను.

"గదే గద," అన్నాడు.

"సూసుకో బిడ్డా," అంది అమ్మ. "గుర్తుంటే మీదే, తీస్కపో."

మేస్త్రి కాలరు తిప్పి చూశాడు. అంచులు చూశాడు, చేతుల లోపల చూశాడు. వెనక తొమ్మిదో నంబరు చూపించి, గిది మాదేనని అందరికీ ఎరికే, అన్నాడు.

"అందరికి ఎరికైతే ఏమైతది? గుర్తు ఉండాలె గద. గుర్తు లేంది మాది."

అతను బనీను వదిలేసి వెళ్ళిపోయాడు. అమ్మ తీగ మీద నుంచి దాన్ని తీసి, దులిపి, మా బట్టల్లో పెట్టింది. సేటు మళ్ళీ మనిషిని పంపలేదు. నన్ను ఆడటానికి కూడా ఏ జట్టూ మళ్ళీ పిలవలేదు.